అచ్చు ఆగిపోయిన బేస్ గిటార్ పుస్తకాలు: ఆ ధరల్లో నిజమెంత?

అచ్చు ఆగిపోయిన బేస్ గిటార్ ట్రాన్స్‌క్రిప్షన్ (రికార్డు విని స్వరాలు రాసిన) పుస్తకం ధర చూసి నోరెళ్లబెట్టని బేసిస్ట్ ఉండడు. వంద పైచిలుకు పేజీల పేపర్‌బ్యాక్, లోపల ఉన్నదల్లా ఒక ఆల్బమ్‌లోని పాటల బేస్ లైన్లు, కొత్తగా వచ్చిన రోజుల్లో ఏ మ్యూజిక్ షాపులోనైనా మామూలు ధరకే దొరికిన సరుకు. అదే పుస్తకానికి ఇవాళ ఒక సైట్‌లో మూడంకెల డాలర్లు, ఇంకో సైట్‌లో నాలుగంకెలు. ఆ ధర ఎవరు పెట్టారు, ఆ ధరకు ఎవరైనా కొంటున్నారా, కొంటే ఎందుకు కొంటున్నారు అనేవి మూడు వేరువేరు ప్రశ్నలు. మూడింటినీ కలిపేసి "ఈ పుస్తకం ఇప్పుడు ఇంత పలుకుతోందట" అనేస్తారు జనం. లెక్క తప్పేది అక్కడే.

అడిగే ధరకీ, చేతులు మారే ధరకీ ఎంత దూరం ఉండొచ్చో 2011లో ఒక ఉదంతం బయటపెట్టింది. దానికి సంగీతంతో ఏ సంబంధమూ లేదు, కానీ పాత పుస్తకాలు కొనేవాళ్లందరికీ తెలియాల్సిన సంగతి. ఈగల పిండం ఎలా ఎదుగుతుందో చెప్పే ఒక జీవశాస్త్ర పుస్తకం అమెజాన్‌లో 2,36,98,655 డాలర్ల 93 సెంట్లకు, షిప్పింగ్ అదనంగా, అమ్మకానికి కనిపించింది. బర్క్‌లీ జీవశాస్త్రవేత్త మైకేల్ ఐసెన్ కూపీ లాగితే తేలిందేమిటంటే, ఇద్దరు అమ్మకందార్ల సాఫ్ట్‌వేర్లు ఒకదాన్ని చూసి ఒకటి ధర మార్చుకుంటున్నాయి. ఒకటి రోజూ ఎదుటివాడి ధరకు 0.9983 రెట్లు పెడుతోంది, రెండోది ఎదుటివాడి ధరకు సుమారు 1.27 రెట్లు పెడుతోంది. మనిషి చెయ్యి పడలేదు కాబట్టి అలా పెరుగుతూనే పోయింది. ఆ రెండో అమ్మకందారు దగ్గర బహుశా పుస్తకమే లేదు, ఎవరైనా ఆర్డర్ పెడితే మొదటివాడి దగ్గర కొని పంపుదామన్న లెక్కతో ఎక్కువ ధర పెట్టి ఉంటాడని ఐసెన్ ఊహ. బేస్ పుస్తకాల విషయంలోనూ ఇలాంటి లిస్టింగులు కొల్లలు. రెండో మూడో కాపీలు మాత్రమే అమ్మకానికి ఉన్న ఏ పుస్తకానికైనా ఈ జబ్బు పట్టడం సులువు.

కాబట్టి ధర తెలుసుకోవాలంటే అమ్ముడైనవాటినే చూడాలి. ఈబేలో అమ్ముడుపోయిన వస్తువులను మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది నొక్కగానే సగం గాలి దిగిపోతుంది. ఎల్‌పీ రికార్డులు సేకరించేవాళ్లకు ఈ బెడద తక్కువ, డిస్కాగ్స్ అనే రికార్డుల సైట్‌లో ఒక్కో ప్రెస్సింగ్ (ముద్రణ) ఇదివరకు ఎంతకు అమ్ముడైందో చరిత్ర ఉంటుంది. కామిక్స్ వాళ్లకు గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇచ్చే కంపెనీలున్నాయి. మ్యూజిక్ పుస్తకాలకు అలాంటి ఏర్పాటేదీ నిలదొక్కుకోలేదు, అందుకే ఈ మార్కెట్లో అమ్మేవాడికీ సరైన ధర తెలియదు, కొనేవాడికీ తెలియదు. ఓపిక ఉన్నవాడికి ఇది వరమే. ధర తెలియని అమ్మకందారు, ముఖ్యంగా తాతగారి అటక ఖాళీ చేస్తున్న మనవడు, ఎక్కువకు ఎంత తరచుగా పెడతాడో తక్కువకూ అంతే తరచుగా పెడతాడు.

ఇక పుస్తకం అచ్చు ఎందుకు ఆగుతుంది? అమ్ముడుపోక అనుకుంటాం, అదీ ఉంది. ఒక ఆల్బమ్‌కు గిటార్ పుస్తకం వస్తుంది, పియానో–వోకల్ పుస్తకం వస్తుంది, చివర్లో ఎప్పుడో బేస్ పుస్తకం వస్తుంది, గిటారిస్టులతో పోలిస్తే బేసిస్టులు ఎంతమంది ఉంటారు గనక! మొదటి నుంచీ తక్కువ కాపీలే వేస్తారు. కానీ అసలు మెలిక లైసెన్సులో ఉంది. పాట హక్కు స్వరకర్తదీ, అతని మ్యూజిక్ పబ్లిషర్‌దీ. దాన్ని విని కాగితం మీద రాసి అచ్చు వెయ్యాలంటే అచ్చు హక్కు విడిగా తీసుకోవాలి, దానికి సాధారణంగా గడువు ఉంటుంది. గడువు తీరాక మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకునేంత గిరాకీ లేకపోతే పుస్తకం అక్కడితో సరి. ఒకే బ్యాండ్ పాటలైతే ఒకరిద్దరితో మాట్లాడితే పనవుతుంది. రకరకాల పాటలు కలిపి వేసిన సంకలనమైతే ఒక్కో పాట ఒక్కో పబ్లిషర్ చేతిలో ఉంటుంది, పదిహేను పాటల్లో ఒక్క పాట యజమాని కుదరదన్నా పుస్తకం ఆ రూపంలో మళ్లీ రాదు. అరుదైపోయే అవకాశం సంకలనాలకే ఎక్కువ ఉండటానికి ఇదో పెద్ద కారణం.

దీనికి తోడు కంపెనీలు ఒకదాన్ని ఒకటి మింగేశాయి. వార్నర్ బ్రదర్స్ పబ్లికేషన్స్ 1994లో సీపీపీ–బెల్విన్‌ను కలుపుకుంది, తర్వాత 2005లో అదే ఆల్ఫ్రెడ్ చేతికి వెళ్లింది. హార్డ్ రాక్, మెటల్ ట్యాబ్ (ఏ తీగ మీద ఎక్కడ నొక్కాలో అంకెలతో చూపే రాత) పుస్తకాలకు పేరున్న చెర్రీ లేన్‌ను 2010లో బీఎంజీ కొనేసింది. బ్రిటన్‌లోని మ్యూజిక్ సేల్స్ వారి పుస్తకాల విభాగం 2018లో అమెరికా సంగీత పుస్తకాల సంస్థ హాల్ లియొనార్డ్‌కు పోయింది. పాటల హక్కులూ ఇలాగే చేతులు మారాయి. డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటల హక్కులున్న జోబెట్‌లో సగం వాటాను ఈఎంఐ 1997లో కొంది, మిగతాది తర్వాత కొంది, 2012లో ఆ ఈఎంఐ పబ్లిషింగే సోనీ నడిపించిన బృందానికి వెళ్లింది. ఇలా చేతులు మారిన ప్రతిసారీ కొత్త యజమాని జాబితా ముందేసుకుని ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చూస్తాడు, అందులో ముందు వేటు పడేది ఏడాదికి నాలుగు కాపీలు కదిలే బేస్ పుస్తకం మీదే.

తక్కువగా అచ్చయింది, ఆగిపోయింది, సరే. అరుదైనదల్లా విలువైనది కాదు కదా. ఎవరికీ అక్కర్లేని పుస్తకాలు అరుదుగా ఉన్నవి బోలెడు. బేస్ పుస్తకాల్లో విలువ నిలబెట్టేది కవర్ మీద ఫోటో ఉన్న బేసిస్ట్ అనుకుంటారు చాలామంది, నిజానికి ఎక్కువ తేడా తెచ్చేది లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే ఇంకో పేరు, విని రాసినవాడి పేరు. ఈ మార్కెట్ గురించి ఒక్క మాటే చెప్పమంటే ఇదే చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లలో చాలామంది ఆ పేరు లిస్టింగ్‌లో రాయను కూడా రాయరు.

విని రాయడంలో ఏముంది, స్వరం దొరికితే చాలదా అంటే చాలదు. ఉదాహరణకు నాలుగు తీగల బేస్ మీద 'ఎ' స్వరం. 'ఎ' తీగను నొక్కకుండా వదిలేసి మీటితే వచ్చేది అదే, 'ఇ' తీగ మీద ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ పట్టీ) దగ్గర నొక్కినా వచ్చేది అదే. స్టాఫ్ నోటేషన్‌లో (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపిలో) రెండూ ఒకే చుక్క. చెవికి మాత్రం తేడా ఉంది. వదిలేసిన తీగ కాస్త గలగలమంటుంది, నొక్కిన స్వరం ఒద్దికగా, ముద్దగా ఉంటుంది. పైగా వదిలేసిన తీగ మోగుతున్నంతసేపూ ఎడమ చెయ్యి ఖాళీ, ఆ క్షణంలో చెయ్యి మెడ మీద ఎక్కడికైనా జరగొచ్చు. మోటౌన్ బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ వాయింపు మొత్తం ఈ కిటుకు చుట్టూ తిరుగుతుంది. ఫ్లాట్ స్వరాలు ఎక్కువున్న కీలలో (శ్రుతుల్లో) కూడా మధ్యలో వదిలేసిన తీగను తగిలించి జారిపోతాడు, అదీ కుడి చెయ్యి చూపుడు వేలు ఒక్కదానితోనే. స్వరాలన్నీ సరిగ్గానే రాసి వేళ్లు తప్పుగా చూపించిన పుస్తకం ముందేసుకుని జేమర్సన్ లైన్ వాయిస్తే, అన్నీ ఉన్నట్టే ఉంటుంది, ఏదో లేనట్టు ఉంటుంది.

జేమర్సన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఈ రంగంలో అందరికంటే ముందు చెప్పుకునే పుస్తకం సంగతీ చూద్దాం. డెట్రాయిట్‌లో మోటౌన్ స్టూడియోలో అరవైల్లో వచ్చిన హిట్లలో చాలావాటికి బేస్ వాయించిన జేమర్సన్ పేరు రికార్డు కవర్ల మీద ఉండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' కవర్ మీద వాద్యకారుల పేర్లు వేసేదాకా బయటి జనానికి ఈయనెవరో తెలియదు. 1983లో పోయాడు. డాక్టర్ లిక్స్ అనే పేరుతో రాసే గిటారిస్ట్ ఆలన్ స్లట్‌స్కీ ఆయన కుటుంబాన్నీ, తోటి వాద్యకారులనూ కలిసి, జీవితకథనూ బేస్ లైన్లనూ ఒకే పుస్తకంలో పెట్టి 1989లో 'స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్' తెచ్చాడు. జాన్ ఎంట్‌విజిల్, విల్ లీ, చక్ రైనీ, గెడ్డీ లీ లాంటి పేరున్న బేసిస్టులు ఆ లైన్లను వాయించగా రికార్డు చేసి క్యాసెట్లు జతచేశారు. 2002లో అదే పేరుతో డాక్యుమెంటరీ సినిమా కూడా వచ్చింది. అంతకు ముందే, 2000లో, జేమర్సన్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు.

సేకరించేవాళ్లకు ఈ పుస్తకం మంచి పాఠం. ఇంత పేరున్నా, ఇంత చరిత్ర ఉన్నా, పాత కాపీ ధర ఆకాశానికి అంటలేదు. కారణం సింపుల్, పుస్తకం అచ్చులోనే ఉంటూ వచ్చింది. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, లోపలి పేజీలు మాత్రం అవే. కొత్త కాపీ మామూలు ధరకు దొరుకుతుంటే పాతదానికి ఎక్కువ ఇచ్చేది మొదటి ముద్రణే కావాలనే పట్టుదల ఉన్నవాళ్లు మాత్రమే, అలాంటివాళ్లు బేసిస్టుల్లో తక్కువ. వాళ్లకైనా క్యాసెట్లు ఉన్నాయా, అవి పెట్టెలో ఉన్నాయా, మోగుతున్నాయా అన్నదే ప్రశ్న. ముప్పై ఐదేళ్ల నాటి క్యాసెట్ టేపు ఏ స్థితిలో ఉంటుందో మన ఇళ్లలో పాత ఘంటసాల క్యాసెట్లు దాచుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అమెరికన్ జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ దగ్గరకొస్తే రాసేవాడి పని ఇంకో మెట్టు పైకెళ్తుంది. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌లో 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' అనే ముక్క దాదాపు మొత్తం హార్మోనిక్స్ మీదే నడుస్తుంది. హార్మోనిక్ అంటే తీగను ఫ్రెట్‌కు ఆనించి నొక్కకుండా, సరిగ్గా కొన్నిచోట్ల వేలు తాకించి మీటడం. పన్నెండో ఫ్రెట్ మీద తాకిస్తే వదిలేసిన తీగకు ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన మోగుతుంది, ఏడో ఫ్రెట్ దగ్గర ఆక్టేవ్ మీద ఐదో స్వరం, ఐదో ఫ్రెట్ దగ్గర రెండు ఆక్టేవ్‌ల పైన, నాలుగో ఫ్రెట్ దగ్గర ఆ పైన మేజర్ థర్డ్. అంటే 'జి' తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర తాకిస్తే వినిపించేది 'బి', ఆ ఫ్రెట్‌ను మామూలుగా నొక్కినా వచ్చేది 'బి'నే కానీ రెండు ఆక్టేవ్‌ల కింద. ఇప్పుడు దీన్ని కాగితం మీద ఎలా రాయాలి? వినిపించే స్వరం రాస్తే వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు, వేలు పెట్టేచోటు రాస్తే ఏం వినిపించాలో తెలియదు. రెండూ పెట్టాలి, పైన నోటేషన్, కింద ట్యాబ్, ట్యాబ్ అంకె చుట్టూ ఇది హార్మోనిక్ అని చెప్పే గుర్తు. పైగా బేస్ నోటేషన్ మామూలుగానే వినిపించేదానికంటే ఒక ఆక్టేవ్ పైన రాస్తారు, హార్మోనిక్స్ వచ్చేసరికి ఏ ఆక్టేవ్ లెక్కలో రాశారో చెప్పకపోతే చదివేవాడికి పిచ్చెక్కుతుంది. అందుకే జాకో పుస్తకం కొనేముందు ఈ ఒక్క ముక్క పేజీ ఫోటో పెట్టమని అమ్మేవాణ్ణి అడగడం తెలివైన పని. రాసినవాడి సత్తా ఆ పేజీలో దాగదు.

జాకో సోలోలను హాల్ లియొనార్డ్‌కు రాసిచ్చినవాళ్లలో షాన్ మలోన్ ఒకరు. సినిక్ అనే మెటల్ బ్యాండ్‌లో ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) బేస్ వాయించిన మనిషి, సంగీత సిద్ధాంతం మీద పుస్తకాలు రాసినవాడు, 2020లో చనిపోయాడు. స్వయంగా ఫ్రెట్‌లెస్ మీద చెయ్యి తిరిగినవాడు రాసిన పేజీకీ, వారానికో ఆల్బమ్ చొప్పున గిటార్, బేస్, కీబోర్డ్ అన్నీ కాంట్రాక్టు మీద రాసి పారేసినవాడి పేజీకీ తేడా మొదటి పాటలోనే తెలిసిపోతుంది. ఆయన పేరున్న పుస్తకాలను బేసిస్టులు వెతుక్కుంటారంటే అందులో ఆశ్చర్యం లేదు.

మనకు ఈ బాధ కొత్తదేం కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించినప్పుడు ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు పెట్టి స్వరాల పక్కన వేయించాల్సి వచ్చింది. స రి గ మలు ఒక్కటే ఉంటే పాట రాదని ఆయనకు తెలుసు. కంపితానికీ జారుకూ గుర్తులు కావాలనుకున్న ఆ పట్టుదలే, బేస్ పుస్తకంలో స్లైడ్‌కూ (జారడం), హ్యామర్–ఆన్‌కూ (మీటకుండా వేలితో కొట్టి మోగించడం), ఘోస్ట్ నోట్‌కూ (స్వరం వినపడని దెబ్బ) గుర్తులు పెట్టినవాడిలో కనిపిస్తుంది. పెట్టనివాడి పుస్తకం పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అలాంటి దిబ్బలు తక్కువేం లేవు. ఎనభైలు, తొంభైల్లో ట్యాబ్ పుస్తకాల వ్యాపారం బాగా నడిచిన కాలంలో హడావిడిగా వచ్చినవాటిలో, గిటార్ రిఫ్‌నే (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కనే) ఆక్టేవ్ దించి బేస్ అని వేసినవి కనిపిస్తాయి. రెండో చరణంలో బేసిస్ట్ మార్చి వాయించినా "మొదటి చరణంలాగే" అని రిపీట్ గుర్తు పెట్టి వదిలేసినవీ ఉన్నాయి. ఈ రెండో తప్పు మరీ అన్యాయం, ఎందుకంటే మంచి బేసిస్ట్ గొప్పతనమంతా ఆ మార్పుల్లోనే ఉంటుంది, చరణం చరణానికీ ఒకేలా వాయించేవాడి కోసం పుస్తకం ఎవరు కొంటారు? పుస్తకం చేతికొస్తే బాగా తెలిసిన పాట తీసి, రెండో చరణమూ ఆఖరి ఫేడవుటూ రికార్డుతో పోల్చి చూస్తే సరిపోతుంది. ఫేడవుట్ దాకా స్వరం స్వరం రాశాడంటే మిగతాదీ ఓపికగానే రాసి ఉంటాడు.

ఇక్కడ ఎవరికైనా వచ్చే సందేహం, ట్యాబ్‌లు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటే ఈ పుస్తకాలెందుకని. ఉచిత ట్యాబ్‌ల చరిత్ర కూడా పాతదే. 1992లో లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ సర్వర్ మీద ఓల్గా అనే ఆర్కైవ్ మొదలైంది, ఎవరికి తోచింది వాళ్లు విని టైప్ చేసి పెట్టేవాళ్లు. 1996లో ఈఎంఐ నుంచి, 1998లో పబ్లిషర్ల తరఫున లైసెన్సులు చూసే హ్యారీ ఫాక్స్ ఏజెన్సీ నుంచి కాపీరైట్ నోటీసులొచ్చాయి, 2006కల్లా మూతపడింది. 1998లోనే రష్యాలో పుట్టిన ట్యాబ్ సైట్ అల్టిమేట్ గిటార్ మాత్రం నిలదొక్కుకుని 2010లో లైసెన్సులు తీసుకుంది. ఆ తర్వాతి మలుపు చూస్తే నవ్వొస్తుంది: అల్టిమేట్ గిటార్ యజమాని అయిన మ్యూజ్ గ్రూప్ 2023లో ఏకంగా హాల్ లియొనార్డ్‌నే కొనేసింది. పుస్తకాల కంపెనీలు ఏ వెబ్‌సైట్లను చూసి బెంబేలెత్తాయో, వాటిలో ఒకటే వచ్చి పుస్తకాల కంపెనీ ఇంటి తాళాలు తీసుకుంది.

ఉచిత ట్యాబ్‌ల కంటే పుస్తకాల మీద ఎక్కువ దెబ్బ వేసింది స్టెమ్ సెపరేషన్, అంటే పాటలోని వాద్యాలను విడదీయడం. 2019 నవంబర్‌లో ఆన్‌లైన్ పాటల సంస్థ డీజర్ స్ప్లీటర్ అనే ప్రోగ్రామ్‌ను ఉచితంగా విడుదల చేసింది, పాటను ఇస్తే గొంతు, డ్రమ్స్, బేస్ విడివిడిగా చేసి ఇస్తుంది. తర్వాత ఫోన్ యాప్‌లలోకీ ఆ పని వచ్చేసింది. తొంభైల్లో టేపును సగం వేగానికి తగ్గించి, ఈక్వలైజర్‌తో కుస్తీపట్టి విన్నవాళ్లు బేస్ ఒక్కటే వినడానికి పడ్డ పాట్లు ఇప్పుడు రెండు నిమిషాల పని. దాంతో ఏ ప్రత్యేకతా లేని ట్రాన్స్‌క్రిప్షన్ పుస్తకాల్లో అసలు సరుకు విలువ తగ్గింది, కాస్త చెవి ఉన్న కుర్రాడు ఒక వారాంతంలో అదే పని చేసుకోగలడు. అయితే బేస్ లోతుగా మునిగిపోయిన పాత రికార్డింగుల్లో విడదీసినా బురదగానే ఉంటుంది, కిక్ డ్రమ్ దాన్ని తినేస్తుంది. ఏ తీగ మీద వాయించాడో యాప్ చెప్పదు. ఆ వాద్యకారుణ్ణి అడిగి తెలుసుకున్న విషయాలు అసలే చెప్పదు. కాబట్టి యాప్ చేయలేనిది ఎంత ఉందన్నదే ఇకమీదట పాత పుస్తకానికి కొలబద్ద. వాద్యకారుడితో కూర్చుని రాసినవి, ఇంటర్వ్యూ ఉన్నవి, చెయ్యి కదలిక ఫోటోలున్నవి, రాసినవాడు స్వయంగా మంచి బేసిస్ట్ అయినవి నిలుస్తాయి. మిగతావి కేవలం అరుదుగా ఉన్నాయన్న కారణంతో ఎంతకాలం ధర నిలబెట్టుకుంటాయో అనుమానమే.

పెట్టుబడిగా కొనేవాళ్లకు ఇంకో గండం ఉంది, రీప్రింట్. పాత ఫైలు కంప్యూటర్‌లో ఉంటే, లైసెన్సు కుదిరితే, ఇవాళ ఒక్క కాపీ కూడా ఆర్డర్ వచ్చాక అచ్చు వేసి పంపొచ్చు. వందల డాలర్లు పోసి కొన్న పుస్తకం మరుసటి ఏడాది పాతిక డాలర్లకు దొరకడం ఈ రంగంలో నెత్తిన వేలాడే కత్తి లాంటి ముప్పు, ఎప్పుడొస్తుందో చెప్పలేం. బీటిల్స్ పాటలన్నిటినీ గిటార్, బేస్, డ్రమ్స్, గొంతులతో సహా రాసిన లావుపాటి స్కోర్ల పుస్తకం ఉంది, వెయ్యి పేజీలు దాటుతుంది, నలుగురు జపాన్ వాళ్లు రాశారు, హాల్ లియొనార్డ్ 1993లో ఇంగ్లిష్ మార్కెట్‌కు తెచ్చింది. బీటిల్స్ బేసిస్ట్ మెకార్ట్‌నీ బేస్ నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి కొనుగోలు ఉండదు. అయినా కలెక్టర్ కంటికి అది ఆనదు, ఎందుకంటే దశాబ్దాలుగా దుకాణంలో ఉంది! వాయించేవాడికి పనికొచ్చే పుస్తకమూ, సేకరించేవాడు వెంటపడే పుస్తకమూ ఒకటే కావాలన్న రూలేం లేదు.

జపాన్ గురించి ఒక మాట. అక్కడ బ్యాండ్ స్కోర్ అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, ఒక ఆల్బమ్ తీసుకుని అన్ని వాద్యాలనూ ఒకే పేజీలో కింద కింద వేస్తారు, బేస్ కూడా అందులో పూర్తిగా ఉంటుంది. పాశ్చాత్య బ్యాండ్లకూ ఇలాంటి స్కోర్లు వచ్చాయి. విడి బేస్ పుస్తకం దొరక్క తల పట్టుకున్నవాళ్లు ఈ దారిలో వెతకడం మంచిది, మాటలు జపనీస్‌లో ఉన్నా నోటేషనూ ట్యాబూ ఎక్కడైనా ఒకటే.

కొనేటప్పుడు కాపీ వయసు ఎలా పట్టుకోవాలి? ఈ పుస్తకాల్లో ఎన్నో ముద్రణో చాలాసార్లు వెయ్యరు, కాపీరైట్ పేజీలో పాటల సంవత్సరాలే ఉంటాయి, వాటిని చూసి పుస్తకం 1972 నాటిదని లిస్టింగ్ పెట్టే మహానుభావులున్నారు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొంత దారి చూపిస్తుంది. పది అంకెలే ఉంటే పుస్తకం మొదట వచ్చింది 2007కి ముందు, ఆ ఏడాది నుంచే పదమూడంకెలు వచ్చాయి. హాల్ లియొనార్డ్ పుస్తకాలైతే 0-88188తో మొదలయ్యేవి దాదాపు ఎనభైల నాటివి, 0-7935 తొంభైలవి, 0-634 ఆ తర్వాతవి, 1-4234 ఇంకా తర్వాతవి. అయితే ఇది పుస్తకం మొదటిసారి వచ్చిన కాలమే చెబుతుంది, చేతిలో ఉన్న కాపీ ఎప్పుడు అచ్చయిందో చెప్పదు, ఎందుకంటే రీప్రింట్‌కూ అదే నంబరు వేస్తారు. అక్కడ వెనక అట్ట పనికొస్తుంది. ముద్రించిన ధర ఎంత, బార్‌కోడ్ ఎలా ఉంది, కంపెనీ అడ్రస్ ఏది, జతగా వచ్చింది క్యాసెట్టా సీడీయా ఆన్‌లైన్ కోడా అని చూస్తే కాపీ ఏ కాలానిదో చాలావరకు తేలిపోతుంది. కోడ్ ఉన్న పుస్తకాల్లో పాతవాడు దాన్ని వాడేసి ఉంటాడు, అది అడిగి తెలుసుకోవాలి.

కండిషన్ విషయంలో కలెక్టర్లకూ వాద్యకారులకూ సరిపడదు. ఇవి స్టాండ్ మీద తెరిచి పెట్టి వాడే పుస్తకాలు, జిగురు బైండింగ్ అలా తెరిచి ఉంచడానికి చేసింది కాదు, నడుము విరిగి పేజీలు రాలిపోతాయి. అందుకని చాలామంది జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి స్పైరల్ వేయించేస్తారు. కలెక్టర్‌కు అది పాడైన కాపీ, వాయించేవాడికి బాగుపడిన కాపీ. పెన్సిల్‌తో వేసిన వేళ్ల నంబర్లూ అంతే, చెరిపేసి అమ్మేవాళ్లున్నారు గానీ, మంచి వాద్యకారుడు దిద్దిన తప్పులు అందులో ఉంటే చెరపకుండా ఉన్నదే మేలు. స్పైరల్ వేసిన కాపీ చవగ్గా వస్తే వాయించేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, ఒక్క పేజీలు అన్నీ ఉన్నాయో లేదో తప్ప ఇంకేం చూడక్కర్లేదు. మధ్యలో పాట మొత్తం చింపేసుకుని మిగతాది అమ్మేవాళ్లు ఈ లోకంలో ఉన్నారు.

మన దగ్గర నుంచి కొనేవాళ్లకు లెక్క ఇంకాస్త మారుతుంది. చెన్నైలో 1842 నాటి మ్యూసీ మ్యూజికల్, ముంబైలో 1865 నాటి ఫర్టాడోస్ లాంటి దుకాణాల్లో ఎక్కువగా కదిలేవి ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్ పరీక్షల పుస్తకాలు. సిలబస్ మారగానే పాత గ్రేడ్ పుస్తకాలు సగం ధరకు బయటికొస్తాయి, వాటికి కలెక్టర్ విలువ లేదు గానీ ప్రాక్టీసుకు బంగారం. పాత ట్రాన్స్‌క్రిప్షన్ పుస్తకం మాత్రం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో దొరికిందంటే అది ఎవరో సంగీతం మానేసి ఇల్లు మారినవాళ్ల పుణ్యం, దాన్ని నమ్ముకుని కూర్చోలేం. అమెరికా నుంచి తెప్పిస్తే పుస్తకం కంటే పోస్టేజీ ఎక్కువ, పైన కస్టమ్స్ టెన్షన్. అందుకే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న చుట్టాల అడ్రస్‌కు తెప్పించి, వాళ్లు పండక్కి వచ్చేటప్పుడు సూట్‌కేసులో వేయించుకోవడమే ఇప్పటికీ చవకైన దారి, అసలు కంటే కొసరు ఎక్కువ కాకుండా ఉంటుంది. అక్కడున్నవాళ్లు పెట్టె విప్పి, పేజీలు లెక్కపెట్టి, బాగోలేకపోతే అమ్మినవాడికే వెనక్కి పంపేయగలగడం ఇందులో ఇంకో సుఖం, ఒకసారి సముద్రం దాటాక ఆ పని ఎవరూ చెయ్యరు.